మురసాకి షికిబు నరకానికి వెళ్ళిందా?

(హిజ్లీ ధమ్మసభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పూజ్య భంతేజీకి, ఉపాసక ఉపాసికలకు, ఆదివారపు ఓవర్‌టైమ్ వదులుకొని నిమ్‌పురా నుంచి, మథురాకాటి నుంచి వచ్చిన కార్మిక సోదరులకు నమో బుద్ధాయ, జై భీమ్.

వెయ్యేళ్ళ క్రితం జపాన్ రాజాస్థానంలో ఉండిన ఒక రచయిత్రిని గురించి మాట్లాడమని సంఘం వారు నన్ను కోరారు. ఆహ్వానంలో అంతే ఉంది. ఈ అంశం ఎందుకు వచ్చిందో మీలో చాలామందికి తెలుసు. తెలియనివారి కోసం, రేపు ఈ ప్రసంగాన్ని సంచికలో చదువుకొనేవారి కోసం, జరిగినది ముందుగా చెబుతాను.

గడచిన వర్షావాసంలో ఒక ఆదివారం, త్రిశరణ పంచశీలాల తర్వాత, మన కాలనీలోనే పుట్టి పెరిగి ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి తాను రాసిన కథ చదివింది. ఆ కథలో మురసాకి షికిబు వయసు మళ్ళి, సరస్సు దగ్గర ఉన్న ఒక ఆలయంలో కూర్చుని, తనకు సిరా నూరి ఇచ్చే పనిపిల్లతో మాట్లాడుతుంది. కథ అంతే. చదవడం పూర్తి కాగానే మన సంఘంలో అందరికంటే పెద్దవారు లేచారు. "అమ్మా, వారిద్దరూ ఆ మాటలు అనుకున్నారని నీకెలా తెలుసు? తెలియనప్పుడు బుద్ధమూర్తి ఎదుట వాటిని జరిగినట్లుగా ఎలా చదివావు? నాలుగో శీలం ఇప్పుడే కదా పలికావు?" అని అడిగారు. ఆ అమ్మాయి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. తరువాతి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు.

ఆమెకు అక్షరాలు దిద్దించినదాన్ని నేను. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఒక్క మాట కూడా అనలేదు. అప్పటికి నాకు సమాధానం తోచలేదు. తోచి ఉంటే చెప్పే ధైర్యం ఉండేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ పెద్దలు నేడు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఈ సంగతి ఎత్తుతానని ముందుగా వారి అనుమతి తీసుకున్నాను. "చెప్పమ్మా, నా ప్రశ్నను మాత్రం పలచన చేసి చెప్పకు" అన్నారు. కనుక వారి ప్రశ్నను వారి బలంతోనే మీ ముందు పెడతాను. భగవానుడు రాహులునికి చేసిన ఉపదేశంలో పరిహాసానికి కూడా అసత్యం పలకరాదని బోధించాడు. సంయుత్త నికాయంలో తాలపుటుడనే నటుల నాయకుడు వచ్చి, రంగస్థలం మీద నిజంతోనూ అబద్ధంతోనూ జనాన్ని నవ్వించేవారు స్వర్గానికి పోతారని మా గురువులు చెబుతారు, మీరేమంటారని అడిగితే, రెండుసార్లు వద్దని వారించి, మూడోసారి అడిగినప్పుడు అది స్వర్గమార్గం కాదని చెప్పాడు. ఇది శాస్త్రబలం. వారికి అనుభవబలం కూడా ఉంది. మనల్ని ఊరికి అవతల ఉంచింది కత్తులు మాత్రమే కాదు, కథలు కూడా. ఎవరు ఏ అవయవం నుంచి పుట్టారో చెప్పిన కథలు, ఏ జన్మలో ఏ పాపం చేస్తే ఏ కులంలో పుడతారో చెప్పిన కథలు. ఆ కథలను తెంచుకొని బయటపడిన మనం మళ్ళీ కథల దగ్గరికే పోవాలా? ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కూలిగా ఇక్కడికి వచ్చారు. వచ్చినప్పుడు చెంబు, దుప్పటి తెచ్చుకున్నట్లే ఆ కథలను కూడా తెచ్చుకున్నారు. చెంబు పోయింది, దుప్పటి చిరిగింది, కథలు మాత్రం మా నాన్న తరం దాకా ఇంట్లోనే ఉన్నాయి.

ఇక మురసాకి దగ్గరికి వస్తాను.

ఆమె అసలు పేరు ఏమిటో లోకానికి తెలియదు. షికిబు అన్నది పేరు కాదు, ఆమె తండ్రి ఫుజివారా నో తమెతోకి పనిచేసిన కొలువును బట్టి వచ్చిన పిలుపు. మురసాకి అన్నది ఆమె సృష్టించిన పాత్ర పేరు. తండ్రి ఉద్యోగం ఒక వైపు, తన కల్పన ఇంకొక వైపు, ఈ రెండింటి నడుమ ఒక స్త్రీ స్వంత పేరు జారిపోయింది. ఫలానా ఉద్యోగి భార్య, ఫలానా వాని తల్లి అని మన క్వార్టర్ల వరుసల్లో ఆడవారిని పిలవడం చూసినవారికి ఇది వింతగా తోచదు. ఆమె సుమారుగా 973కు 978కు నడుమ పుట్టి ఉంటుందని పండితుల అంచనా. పుట్టింది ఫుజివారా వంశంలోనే అయినా అధికారానికి దూరమైన శాఖలో. చీనా గ్రంథాలు మగపిల్లలకే నేర్పే కాలం. తమ్ముడికో అన్నకో పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని విన్న ఈ పిల్లకు అతనికంటే ముందుగా వచ్చేసేది. ఈమె మగపిల్లవాడు కాకపోవడం తన దురదృష్టమని తండ్రి నిట్టూర్చాడట. ఈ సంగతి ఆమే తన దినచర్యలో రాసుకుంది. ఆ నిట్టూర్పును ఆమె ఎన్నేళ్ళు మోసిందో గాని, రాసేనాటికి అందులో కోపం కనిపించదు. నాకైతే దాన్ని చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

వయసులో తనకంటే చాలా పెద్దవాడిని పెళ్ళాడింది. ఒక ఆడపిల్ల పుట్టింది. 1001లో భర్త మరణించాడు. ఆ వైధవ్యంలోనే 'గెంజి మొనొగతారి' రాయడం మొదలుపెట్టిందని చాలామంది భావిస్తారు. 1005లోనో 1006లోనో సామ్రాజ్ఞి షోషి పరివారంలో చేరింది. షోషి అప్పటికి ఇంకా యువతి. ఆమె తండ్రి ఫుజివారా నో మిచినాగ చక్రవర్తిని మించిన అధికారం చలాయించినవాడు. గెంజి గాథ 54 అధ్యాయాల గ్రంథం, అందులో ఎనిమిది వందలకు దగ్గరగా చిన్న కవితలు ఉన్నాయి. మగవారు చీనా భాషలో అధికార పత్రాలు రాసుకుంటూ ఉంటే, ఆడవారి లిపి అని పేరుపడిన హిరగానాలో, ఇంటి భాషలో ఆమె దీన్ని రాసింది. పాలకుల భాషలో కాక జనం మాట్లాడే పలుకులో బోధించాలని భగవానుడు నియమించిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

ఆస్థాన జీవితం అంటే పట్టుబట్టలు, వెన్నెల అనుకుంటాము. దినచర్య చదివితే అది ఒక రకమైన కొలువు అని తెలుస్తుంది, పై అధికారి కన్ను ఎప్పుడూ మీద ఉండే కొలువు. ఆమె సామ్రాజ్ఞి దగ్గర ఉన్న సమయం చూసి మిచినాగ ఆమె గదిలో ప్రవేశించి కథ ప్రతిని వెతికి తీసుకుపోయాడు, తన రెండో కుమార్తెకు ఇవ్వడానికి. గెంజి గాథను చదివించుకొని విన్న చక్రవర్తి ఇచిజో, ఈ రాసినామె జపాన్ చరిత్ర గ్రంథాలు చదివి ఉంటుందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పే ఆమెకు ముప్పయింది. తోటి పరిచారిక ఒకామె, ఈమెకు చదువు ఎక్కువైందని ఎగతాళి చేస్తూ 'చరిత్ర గ్రంథాల అమ్మగారు' అనే అర్థం వచ్చే పేరు పెట్టి ప్రచారం చేసింది. అప్పటి నుంచి ఆమె తనకు చదువు రానట్లు నటించింది. చీనా లిపిలో 'ఒకటి' అంటే ఒక్క అడ్డగీత. ఆ గీత కూడా ఎవరి ముందూ గీయలేదట. ఇంట్లో చదువుకున్న కోడలు పత్రికను మంచం కింద దాచుకోవడం మనకు తెలియనిది కాదు.

అయినా ఆమె ఒక పని చేసింది. ఎవరూ లేని సమయం చూసి సామ్రాజ్ఞికి రహస్యంగా చీనా కవి బై జుయీ 'కొత్త గేయాలు' పాఠం చెప్పింది. ఆ గేయాలు విలాస గీతాలు కావు. ఒక దానిలో ముసలి బొగ్గులమ్మి ఉంటాడు. కొండల్లో కట్టెలు కాల్చి బొగ్గు చేసి బండి మీద తెస్తే, రాజభవనం మనుషులు పట్టుగుడ్డ ముక్క పారేసి బండెడు బొగ్గునూ లాక్కుపోతారు. లోకో షెడ్డులో బొగ్గుతో జీవితాలు నల్లబడిన కుటుంబాల వారికి ఈ కథ వేరుగా వివరించనక్కరలేదు. జపాన్ సామ్రాజ్ఞి తెరచాటున కూర్చుని ఇటువంటి గేయాలున్న పుస్తకం చదువుకుంది, చెప్పినామె చదువు రానట్లు నటించే ఒక వితంతువు. ఆ గదిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో దినచర్యలో లేదు. చరిత్ర అక్కడ ఆగిపోతుంది. మన అమ్మాయి వంటివారు కలం పట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. మురసాకిని గురించి కల్పన అల్లినవారిలో మన కాలనీ అమ్మాయి మొదటిది కాదు. 2000లో అమెరికా రచయిత్రి, మానవశాస్త్ర పరిశోధకురాలు లైజా డాల్బీ మురసాకి ఆత్మకథ రూపంలో ఒక నవల ప్రచురించింది. ఆమె కూడా మొదటిది కాదు. మొదటి కల్పనకారులు ధర్మబోధకులే.

మురసాకి మరణించిన నూటయాభై ఏళ్ళకు, అంటే 12వ శతాబ్దంలో, ఆమె నరకంలో బాధపడుతున్నదని ఒక కథ పుట్టింది. కారణం? లేని మనుషులను ఉన్నట్లు రాసింది, స్త్రీపురుషుల అనురాగాన్ని వర్ణించి చదివేవారి మనసులను కలత పెట్టింది. నాలుగో శీలం తప్పింది. గెంజి గాథ చదివినవారికి కూడా ఆ పాపంలో భాగం ఉందని భయపడి, ఆమె విముక్తి కోసం సద్ధర్మ పుండరీక సూత్రాన్ని అధ్యాయానికి ఒకరు చొప్పున రాసి అర్పించే తంతు మొదలైంది. దానికి 'గెంజి కుయో' అని పేరు. చోకెన్ అనే ప్రసిద్ధ ప్రవచనకారుడు అటువంటి సభకు నివేదన పాఠం రాశాడు. మరికొంత కాలానికి కథ తిరగబడింది. ఆమె పాపి కాదు, ఇషియామ ఆలయంలోని అవలోకితేశ్వరుడే ఆమె రూపంలో వచ్చాడన్నారు. ఆ ఆలయంలోనే ఎనిమిదో నెల పున్నమి వెన్నెల నీటి మీద పడుతుండగా ఆమెకు కథ స్ఫురించిందని, కాగితం లేక ప్రజ్ఞాపారమితా సూత్రపు చుట్ట వెనుక వైపున రాసిందని, తరువాత ప్రాయశ్చిత్తంగా సూత్రాన్ని తిరిగి రాసి ఇచ్చిందని ఇంకొక గాథ. నేటికీ ఆ ఆలయంలో ఆమె పేరిట ఒక గది చూపిస్తారు.

పెద్దలు గమనించాలి. కల్పన రాసినందుకు ఆమెను నరకంలో వేసిన ఆ కథే ఒక కల్పన. నరకంలో ఆమెను చూసి వచ్చినవారు ఎవరూ లేరు. కాని దాన్ని చెప్పినవారు ఇది మా ఊహ అని చెప్పలేదు, జరిగినదిగా చెప్పారు. నమ్మినవారు భయపడ్డారు, దానం చేశారు. నాలుగో శీలం ఎవరు తప్పారు, గెంజి కథ రాసినామెనా, ఆమెను నరకంలో చూశామన్నవారా? పాపి అనడం, దేవత అనడం కూడా నాకు ఒకే పని వలె కనిపిస్తాయి. ఆమెను మనిషిగా ఉండనివ్వలేదు. మన మొల్లకు కూడా ఇటువంటి గతే పట్టించారు గాని, అది వేరే ప్రసంగం.

ఈ గొడవలో మురసాకి పక్షాన నిలబడిన మొదటి గొంతు ఎవరిదో తెలుసా? ఒక పనిమనిషిది. అదే 12వ శతాబ్దంలో వచ్చిన 'ఇమకగామి' అనే గ్రంథంలో నూటయాభై ఏళ్ళు దాటిన ఒక ముసలమ్మ ప్రయాణికులకు పాత సంగతులు చెబుతుంది. తాను చిన్నతనంలో మురసాకి దగ్గర పనిచేశానంటుంది. మీ అమ్మగారు నరకంలో ఉందట కదా అని వారు అడిగితే, మోసగించడానికి ఆడే అబద్ధం వేరు, అలంకరించి చెప్పే మాట వేరు, ఆమె ఎవరినీ దోచుకోలేదు, చంపలేదు అని వాదిస్తుంది. పాలి భాషలో మనం దీన్నే ముసావాదం వేరు, సంఫప్పలాపం వేరు అంటాము. దశ అకుశల కర్మలలో రెండింటినీ విడివిడిగా లెక్కించారు. రెండోది కూడా మంచిదేమీ కాదు, ఒప్పుకుంటాను. కాని అది నాలుగో శీలానికి భంగం కాదు. ఆ ముసలమ్మ కూడా కల్పిత పాత్రే. ఆ అమ్మాయి కథలో సిరా నూరిన పనిపిల్ల ఎక్కడి నుంచి వచ్చిందని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇక్కడి నుంచి వచ్చింది.

తాలపుటుని దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఆ సూత్రాన్ని పూర్తిగా చదివి చూశాను, భంతేజీ సహాయంతో. భగవానుడు నటనను ఖండించిన కారణం అది కల్పన కావడం కాదు. రాగద్వేషమోహాలలో అప్పటికే చిక్కుకున్న జనానికి వాటినే ఇంకా ఎక్కించి, తానూ మత్తెక్కి ప్రమాదంలో పడి, ఇతరులనూ పడవేసేవాడికి ఆ గతి అన్నాడు. అంటే కొలబద్ద ఏది? ఈ మాట వినేవాడిలో రాగద్వేషమోహాలు పెరిగాయా, తగ్గాయా అన్నది. సినిమాల విషయంలో ఈ కొలబద్ద మన ఇళ్ళల్లో పనికివస్తుంది, టీవీ ముందు ఇంకా పనికివస్తుంది. తాలపుటుని సంగతి అక్కడితో ముగియలేదు. అతడు ఏడ్చి, ప్రవ్రజ్య తీసుకొని, అర్హతుడై, తన చిత్తంతో తానే తగవులాడే గాథలు చెప్పాడు. థేరగాథలలో దీర్ఘమైన వాటిలో అది ఒకటి. మనసును ఎదుట నిలబెట్టి మాట్లాడించడం ఒక నటుడు చేయగలిగిన పనే. నటన పోయింది, నేర్చిన విద్య పోలేదు.

అబద్ధానికి భగవానుడు ఇచ్చిన నిర్వచనం మజ్ఝిమ నికాయంలోని సాలెయ్యక సూత్రంలో ఉంది. సభలోనో రాజు ఎదుటనో సాక్షిగా పిలిచినప్పుడు తెలియనిది తెలుసనీ, చూడనిది చూశాననీ, తన కోసమో ఇతరుల కోసమో స్వల్ప లాభం కోసమో తెలిసి పలికేది అబద్ధం. సాక్ష్యం ఇక్కడ ముఖ్యం. రాహులునికి చేసిన ఉపదేశం కూడా ఇందులో ఇమిడిపోతుందని నా అభిప్రాయం. పరిహాసానికి ఆడిన అబద్ధంలో వినేవాడు క్షణమైనా మోసపోతాడు. కథ వినేవాడు కథ అని తెలిసి వింటాడు.

దీనికి ఉదాహరణ కోసం జపాన్ దాకా పోనవసరం లేదు. మనం కూర్చున్న ఈ హిజ్లీలో, నేడు ఐఐటీ ఆవరణలో ఉన్న పాత నిర్బంధ శిబిరంలో, 1931 సెప్టెంబరు 16 రాత్రి పోలీసులు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించారు. తప్పు ఖైదీలదేనన్నట్లు సర్కారు వారు మొదట ప్రకటించారు. విచారణ జరిపాక ఆ కాల్పులకు సమర్థన లేదని తేలింది. ఆ మొదటి ప్రకటనలో అలంకారాలు లేవు, ఊహాపాత్రలు లేవు, అంతా అధికార భాష. ముసావాదం అంటే అది. అదే రాత్రిని గురించి రేపు ఎవరైనా యువకుడు నవల రాసి, తూటా తగలడానికి ముందు ఆ ఇద్దరిలో ఒకరి చేత తల్లికి ఉత్తరం రాయిస్తే, అది కల్పన అవుతుంది. సాక్ష్యం కాదు, సాక్ష్యమని చెప్పుకోదు కూడా.

మన వైపు సంగతి చూద్దాం. కథలంటే మనకు జపాన్ నుంచి అరువు తెచ్చుకోవలసిన దుస్థితి లేదు. నాగార్జునకొండలో, 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, రాజులు వైదిక యజ్ఞాలు చేస్తుంటే ఆ రాజగృహాల స్త్రీలు బౌద్ధ సంఘానికి దానాలు చేశారు. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. అతని కుమార్తె అడవి శాంతిశ్రీ కూడా అక్కడ ఒక స్తంభం నిలిపింది. ధనక కులానికి చెందిన మహాదండనాయకుడు స్కందవిశాఖుని భార్య అని, రాజు వీరపురుషదత్తుని సోదరి అని శాసనం చెబుతుంది. అంతకు మించి చెప్పదు. అన్న యజ్ఞశాలకు, చెల్లెలు చైత్యానికి వెళ్ళే ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారు? రాయి మీద అది లేదు. అడివి బాపిరాజు గారు ఆ పేరు పట్టుకొని 'అడవి శాంతిశ్రీ' నవల రాశారు. మన ఇళ్ళల్లో ఆ పుస్తకం చదివి విజయపురి అనే నగరం ఒకటి ఉండేదని తెలుసుకున్నవారు ఉన్నారు, నేను వారిలో ఒకతెను. బాపిరాజు గారు శీలం తప్పారని మనం ఎవరమూ అనలేదు. అందులో అన్నీ నాకు నచ్చవు. రాజకుమార్తె అందాన్ని వర్ణించే పేజీలు కొన్ని తక్కువై ఉంటే బాగుండేది. కాని ఆ నవల లేకపోతే నేను శాసనాల దాకా పోయేదాన్ని కాదు.

ఆ శాసనాలలో నాకు అత్యంత ప్రియమైనది రాజకుటుంబానిది కాదు, బోధిశ్రీ అనే ఉపాసికది. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఆమె శ్రీపర్వతం మీద చుళధమ్మగిరిలో చైత్యగృహం కట్టించింది. తామ్రపర్ణి ఆచార్యుల కోసం కట్టించినది అది. వారు ధమ్మప్రసాదం పంచిన దేశాల పేర్లు వరుసగా చెక్కించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వనవాసి, మరికొన్ని. ఆ వరుసలో వంగ దేశం కూడా ఉంది. పదిహేడు వందల ఏళ్ళ క్రితం కృష్ణానది ఒడ్డున ఒక తెలుగు నేల స్త్రీ వంగ దేశం పేరు రాయి మీద చెక్కించింది. మా తాతగారు వంగ దేశానికి వచ్చింది పొట్టకూటికి. పేరు మాత్రం ఆయనకంటే ముందే వచ్చి ఉంది.

ఆనాటి వంగ తీరం కూడా ఇక్కడికి దూరం కాదు. తామ్రలిప్తి అంటే నేటి తమ్లుక్. 5వ శతాబ్దం ఆరంభంలో ఫాహియాన్ అక్కడ రెండేళ్ళు ఉండి సూత్రాలకు ప్రతులు రాసుకొని ఓడ ఎక్కాడు. బాలాసోర్ దారిలో దంతన్ దగ్గర మొగల్‌మారిలో 2003–04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం వారు జరిపిన తవ్వకాలలో ఒక పెద్ద విహారమే బయటపడింది. దంతన్ పేరు విన్నప్పుడల్లా మా శ్రీకాకుళం వారు దంతపురం మాదేనని తగవుకు వస్తారు. ఆ తగవు పండితుల మధ్య కూడా ఉంది కనుక నేను దూరను. ఒక ఆదివారం అందరం కలిసి మొగల్‌మారి వెళ్ళి ఆ ఇటుకల మధ్య కూర్చోవాలని మాత్రం సంఘాన్ని కోరుతున్నాను. అక్కడ ఎవరు చదువుకున్నారు, ఎవరు అన్నం వండారు, ఆ వండినవారి పేరేమిటి అని పిల్లలు అడుగుతారు. పేర్లు దొరకవు. అప్పుడు మనం వారికి ఏం చెబుతాము? ఊహించవద్దని చెబుతామా?

బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా 'బుద్ధుడు – ఆయన ధమ్మం' రాసేటప్పుడు సంప్రదాయ కథను ఉన్నది ఉన్నట్లు తీసుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ యువకుడు అంతవరకు ముసలివాడిని, రోగిని, శవాన్ని చూడలేదంటే ఎలా నమ్మాలి అని అడిగి, రోహిణీ నదీజలాల తగాదాను గృహత్యాగానికి కారణంగా నిలిపారు. కథను బుద్ధితో పరీక్షించమన్నారు, కథ చెప్పడం మానమనలేదు. స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమన్న నిందకు ఆయన సమాధానం రాసింది కూడా మన కలకత్తా మహాబోధి పత్రికలోనే, 1951లో. స్త్రీలను గురించి బౌద్ధ గ్రంథాలలో చేరిన కొన్ని మాటలు తరువాతి వారి చేర్పులు కావచ్చునని అందులో ఆయన వాదించారు.

ఆ చేర్పుల బరువు మురసాకి మీద కూడా పడింది. స్త్రీకి అయిదు ఆవరణలు ఉన్నాయని, ఆమె బుద్ధత్వం పొందలేదని అప్పటి జపాన్‌లో బోధించేవారు. పుండరీక సూత్రంలో ఎనిమిదేళ్ళ నాగకన్య బుద్ధత్వం పొందుతుంది, కాని ముందు పురుషరూపం ధరించి. ఆ షరతు నాకు మింగుడు పడదు. రాజధాని పక్కనే ఉన్న హియే పర్వతం మీద అడుగు పెట్టడానికి స్త్రీలకు అనుమతి లేదు. జపాన్ ప్రభుత్వం అటువంటి నిషేధాలను 1872లో రద్దు చేసేవరకు అదే స్థితి. గుడి మెట్ల దగ్గర ఆగిపోవడం అంటే ఏమిటో ఈ సభలో చాలామందికి వేరుగా చెప్పనక్కరలేదు. దీనికి ఎంతో ముందే సోమా థేరిని మారుడు, ఆడదాని రెండు వేళ్ళ బుద్ధికి ఆ స్థితి అందదని వెక్కిరించాడు. అన్నం ఉడికిందో లేదో మెతుకును రెండు వేళ్ళతో పట్టి చూస్తామే, ఆ రెండు వేళ్ళు. చిత్తం నిలిచినప్పుడు స్త్రీత్వం ఏం అడ్డమని ఆమె తిప్పికొట్టింది. మురసాకికి ఆ థేరి మాట చేరలేదు. చేరి ఉంటే ఏమయ్యేది అని నేను ఊహిస్తూ ఉంటాను. పెద్దలు క్షమించాలి.

ఆమె దినచర్యలో ఒక చోట లోకాన్ని విడిచి అమితాభుని స్మరణలో గడపాలని ఉందని, కాని మనసు నిలకడ తప్పుతుందేమోనని వెనుకాడుతున్నానని రాసుకుంది. తాను చేయలేనిది తన చివరి నాయిక చేత చేయించింది. గెంజి గాథ చివరి అధ్యాయాలలో ఉకిఫునె అనే అమ్మాయి ఇద్దరు పెద్దింటి మగవారి మధ్య నలిగి, నదిలో పడి చావడానికి ఇల్లు దాటుతుంది. హియే పర్వతం మీది యోకవాకు చెందిన ఒక వృద్ధ ఆచార్యుడు ఆమెను కాపాడతాడు, ఆమె పట్టుపట్టగా ప్రవ్రజ్య ఇస్తాడు. ఆ ఇద్దరిలో ఒకడు ఆమె బతికి ఉందని తెలుసుకొని, ఆమె చిన్న తమ్ముడి చేత ఉత్తరం పంపుతాడు. ఆచార్యుడు కూడా తడబడి, అతనికి అనుకూలంగా తోచే ఉత్తరమే రాస్తాడు. ఆమె తెర వెనుక నుంచి బయటికి రాదు, జవాబు ఇవ్వదు, తమ్ముణ్ణి కూడా చూడదు. ఆ పెద్దమనిషి అక్కడ ఇంకెవరో మగవాడు ఆమెను దాచి ఉంటాడని అనుమానించుకుంటూ ఉండగా గ్రంథం ఆగిపోతుంది. ఒక స్త్రీ వద్దంటే అది ఆమె నిర్ణయమని అతని ఊహకు అందదు.

డాల్బీ తన నవల చివర, గెంజి గాథకు పోయిన ముగింపు ఇదేనంటూ ఒక అధ్యాయం తానే కల్పించి చేర్చింది. ఆమె నవలలో మురసాకి కవితలను అల్లిన నేర్పును మెచ్చుకుంటాను గాని, ఈ పని నాకు నచ్చలేదు. ఉకిఫునె మౌనం తరువాత ఇంకొక మాట అవసరం లేదు. చూశారా, కల్పనను సమర్థించే నేను కూడా కల్పన ఎక్కడ ఆగాలో వాదిస్తున్నాను. పెద్దల ప్రశ్న నాలోనూ ఉందన్నమాట.

వారి ప్రశ్న వల్ల ఒక మేలు జరిగింది. ఆ అమ్మాయి కథను తిరగరాసింది. మొదటి పేజీ పైన కొన్ని వాక్యాలు చేర్చింది: దినచర్యలో ఉన్నది ఇంతవరకు, ఇక్కడి నుంచి నేను ఊహించినది, పనిపిల్ల నా కల్పన అని. గత వారం ఆ పేజీ పట్టుకొని పెద్దలు తామే వారి ఇంటికి వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను లేను, కనుక చెప్పను. ఈ ఉదయం మాత్రం ఇద్దరూ ఒకే రిక్షాలో వచ్చారు.

ఆమె మూడో వరుసలో నాయనమ్మ పక్కన ఉంది. రా అమ్మా. ఎవరైనా ఆ మైకును కొంచెం కిందికి దించండి, ఆమెకు అందదు.